ఆకుపచ్చ సిరా

కాశీబుగ్గలో పొద్దు పొడవక ముందే
పొగ పొడుస్తుంది. జీడి బట్టీల పొగ.
మా చౌకడిపో తలుపు చెక్కలదీ అదే వాసన.

బమ్మిడి కూర్మయ్య నాకు ముందు తెలిసింది
ముఖంతో కాదు, చేతులతో.
బియ్యం సంచి పట్టుకుంటే
గోనె మీద అయిదు నల్లటి మచ్చలు దిగేవి.
పదకొండేళ్లు బట్టీ దగ్గరే.
బూడిద రుద్దేవాడు, ఆముదం రాసేవాడు.
"సర్మం ఒదిలిపోద్ది గానీ
జీడి ఒదల్దు" అనేవాడు.

కిలో పొట్టు తీతకి ముప్పావలా పెంచమని
నలభై రెండు రోజులు ఫ్యాక్టరీలు మూయించాడు.
నేను అరువు మీద బియ్యమిచ్చాను.
మంచితనం అనుకోకండి,
ఇవ్వకపోతే మా అమ్మ నాకు అన్నం పెట్టేది కాదు,
ఆవిడా పొట్టు తీసేదే.
నలభై మూడో రోజున అర్ధరూపాయికి కుదిరింది.
మిగతా పావలా ఏమైందని ఎవరూ అడగలేదు.
అడిగినట్టే తల దించుకు తిరిగాడు
కూర్మయ్య, చాలా కాలం.

తర్వాత ఎన్నికలు.
గుర్తు ఏదో ఇప్పుడు గుర్తు లేదు,
మేం ఓటేసింది ఆ వేళ్లకి.
రెండోసారి గెలిచాక కార్మిక శాఖ ఇచ్చారు.
పలాస స్టేషన్లో దండల మధ్యనుంచి దూరి
ఢిల్లమ్మ ఒక డబ్బా చేతిలో పెట్టింది.
లోపల బూడిద.
"ఆ ఊర్ల దొరుకుతాదో నేదో బాబూ."
అతను నవ్వలేదు.
డబ్బా చంకన పెట్టుకుని రైలెక్కాడు.

మంత్రిగా ఏం చేశాడంటే
డీలరుని కదా, తూకం వేసే చెబుతాను.
మరుగుదొడ్లు కట్టమని నలభై ఫ్యాక్టరీలకి ఉత్తర్వు పోయింది,
పదకొండింట్లో గోడలు లేచాయి,
నాలుగింట్లో నీళ్లొచ్చాయి.
చేతి తొడుగులు ఒక్కసారి పంపాడు, మగవాళ్ల కొలతలో.
ఆడవాళ్లు వాటిలో ఎండుమిరపకాయలు దాచుకున్నారు.
గుర్తింపు కార్డులు మాత్రం అందరికీ వచ్చాయి.
అది కాదంటే నా నాలుక తెగిపోవాలి.
ఇక కూలి రేటు ఫైలు మీద
ఆకుపచ్చ సిరాతో 'చర్చించండి' అని రాశాడట.
ఎక్కడో ఇంకా
చర్చిస్తూనే ఉండి ఉంటారు.

వేపే డ్రమ్ము పేలి ముగ్గురు పోయిన వారం
కారు దిగి, చెక్కులిచ్చి,
బైరి కేసమ్మ చెయ్యి పట్టుకున్నాడు.
సాయంత్రం ఆమె నాతో గొప్పగా చెప్పింది,
"మెత్తగున్నాదిరా, నా మనవడి సెయ్యినాగ."
కాసేపాగి,
"పోనీ, ఒకలికైనా మానింది."

మూడోసారి పందొమ్మిది వందల ఓట్లతో ఓడిపోయాడు.

మొన్న డిపోకి వచ్చాడు, కేసమ్మను వెంటబెట్టుకుని.
ఆరుసార్లు వేలు పెట్టింది ఆమె.
కుడి బొటనవేలు, ఎడమ, మళ్లీ కుడి,
చీర కొంగుతో తుడిచి, ఉమ్ము తడి చేసి.
'వేలు సరిగా పెట్టండి' అంటుంది మెషీను,
బడిలో పంతులమ్మ గొంతుతో.
"మెషీను పాడైంది" అని కూర్మయ్య కోపంగా
తన బొటనవేలు ఆనించాడు.
ఎర్ర దీపం ఒక్కసారికే వెలిగింది.
గీతలన్నీ చదివింది, ఒక్కటీ తప్పలేదు.
'ఈ వేలిముద్ర ఈ కార్డుది కాదు' అంది.

వెనక వరసలో ఎవరో దగ్గారు.
అతను బొటనవేలిని వెలుతురుకేసి తిప్పి చూసుకున్నాడు,
కొన్న కాయ లోపల బాగుందో లేదో చూసుకున్నట్టు.

"రిజిస్టరు తియ్యి. చేత్తో రాయి."
రాశాను. సాక్షి సంతకం కావాలి.
అలవాటుగా జేబులోంచి పెన్ను తీశాడు,
మూత విప్పి, రంగు చూసి, మళ్లీ పెట్టేశాడు.
నా నీలం పెన్ను అడిగాడు.

సంచి తనే మోస్తానన్నాడు. కేసమ్మ ఒప్పుకోలేదు.
చెరో కొస పట్టుకుని
బట్టీల వీధిలోకి నడిచారు.

మచ్చలు
ఒక కొసనే పడ్డాయి.