నీళ్ల సీసాకు బొక్క

మా తాత పీరుసాబు దూదేకిన విల్లు
కప్పుకింద కొక్కేనికి ఇంకా వేలాడుతానే ఉండాది.
ఎవరూ మీటరు దాన్ని.
రాత్రి మూడుకు నా రొమ్ములో మోగేది అదేనంటే
ఉరుకుందమ్మ నవ్వుతాది:
"నీ మొగం. పిల్లికూతలే అవి."

ఆదోనిలో పత్తికాలమొస్తే
జిన్నింగు మిల్లు గేటుకాడ గాలికి వెంట్రుకలు మొలుస్తాయి.
పదకొండేండ్లుగా ఆ వెంట్రుకలన్నీ
నా లోపల కూర్చోని నూలు వడుకుతుండాయి.

మొదట గుళిక గొట్టం ఇచ్చినారు.
గుళిక దూర్చి తిప్పితే రెండుగా విరుగుతాది,
పీలిస్తే లోపల గిలకమాదిరి గిరగిర,
నాలిక మీద సన్నంగా తియ్యటి పిండి.
మంచిదే. ధర తక్కువ.
డొల్ల తీసి వెల్తురుకు పట్టి చూస్తే
ఎంత పోయిందో, ఎంత మిగిలిందో తెలుస్తాది.
కానీ గట్టిగా పీల్చాల.
గట్టిగా పీల్చే ఊపిరే ఉంటే
దీంతో నాకేం పని?
అప్పుకు పోతే షావుకారు
"ఇంట్లో బంగారముందా?" అని అడిగినట్టుంటాది.

తర్వాత పంపు.
నీలంది, రైక మడతలో పట్టేంత.
అది ఏమీ అడగదు, ఇస్తాది.
ఇచ్చేది ఒక్క రెప్పపాటే.
నొక్కేదీ పీల్చేదీ అప్పుడే కలవాల,
తిరిగే తాట్లోకి దూకే ఆటమాదిరి.
చిన్నప్పుడే నాకు ఆ ఆట రాదు,
తాడు కాలికి చుట్టుకొని బోర్లా పడేదాన్ని.
ఇప్పుడు మందు గొంతు గోడకు కొట్టుకొని
అక్కడే ఆగిపోతాది,
సల్లగా, చేదుగా,
రెండు రోజుల కూలి కరిగిన రుచి.

ఆవిరి మిషను పెద్దాస్పత్రిలో ఉండాది.
మూతికి మాస్కు, పక్కన మోటరు బుర్రుమంటాది,
నువ్వు ఊరికే కూర్చుంటే చాలు.
అంత దయగల వస్తువు ఇంకోటి లేదు,
కరెంటుంటే.
ఆటో దొరికితే.
సిస్టరు సీట్లో ఉంటే.
అర్ధరాత్రి ఈ మూడూ కలిసొచ్చింది
నాకు తెలిసి ఒకేసారి, పోయిన పీర్లపండగప్పుడు.

ఆ రాత్రే ఎస్తేరు సిస్టరు
నేను తాగి పడేసిన అర్ధలీటరు సీసా ఏరి
కాల్చిన కత్తితో అడుగున బొక్క పెట్టె,
పంపు మూతి బిర్రుగా పట్టేంత.
"లోపలికి ఒక కొట్టు కొట్టు.
అది యాడికీ పోదు. నువ్వు మెల్లగా తాగు.
నాలుగైదు గుక్కలైనా సరే."
షాపులో దీనికే మూడొందల యాభై అంట,
వాళ్ల సీసా ఇంకా బాగుంటాది, రెక్క ఉంటాది, మూత ఉంటాది.
నాది మాత్రం పీలిస్తే పటపటమంటాది.
అయినా నేనొచ్చేదాకా
మందును ఒళ్లో పట్టుకొని కూర్చుంటాది.

నిన్న బేళ్ల కాడ ఉరుకుందమ్మకు ఎక్కె.
భుజాలు చెవులదాకా లేసె, మాట ముక్కలాయె,
కొంగుముడి ఇప్పి గుళిక తీసె,
వణికే చేతిలోంచి అది జారి
పత్తికుప్పలో పడె.
ఎంతమంది వెతికితిమో! తెల్లదాంట్లో తెల్లది.
నా టిఫిను సంచిలో సీసా తీసి
ఆమె మూతికి పెడితిని.
నా పంపు ఊపి, ఒక కొట్టు.
తాగు అక్కా. మెల్లగా.
ఇంకో కొట్టు. ఇంకోటి.
సీసా పటపట, పటపట.
పెదాలకు రంగు వచ్చిందో
నేను అనుకున్నానో.

అంతలో సూపర్‌వైజరు వచ్చి అరిచె:
"పని కాడ ఏం తాగుతుండారే ఆ సీసాలో?"
ఉరుకుందమ్మ నన్ను చూసె.
ఆమెకు దొరికిన మొదటి నిండు ఊపిరినంతా
నవ్వుకే ఖర్చు పెట్టె.

సాయంత్రం సీసా కడిగి గోడమీద బోర్లిస్తిని.
పంపును చెవికాడ పెట్టి ఊపితిని.
ఎన్ని మిగిలినాయో అది చెప్పదు.