పదకొండు రోజుల చీటీ

ఝిల్లీ,
తెలుగు నీకు ఇంకా కూడబలుక్కునే చదువే గదా,
మీ ఆయి చేత చదివించుకో.
బరంపురంలో కుడికన్ను కోయించుకుని
పదకొండు రోజులకు వస్తాను.
అంతవరకూ కిటికీ దగ్గరి మొక్కలు నీవి.

మొదటి మాట: మట్టి వెయ్యకు.
నీకు జాలేస్తుంది, నాకు తెలుసు.
కుండలో బొగ్గులూ ఇటుకముక్కలూ చూసి
"తాతా, వీటికి అన్నమేదీ" అన్నావు కిందటిపాలి.
గాలే అన్నం వీటికి.
చెట్టు మీద కూర్చుంటాయి గానీ చెట్టును తినవు.
మనవాళ్ళేమో అన్నిటినీ ఒకే గాటికి కట్టి
బదనికలంటారు.

నేనూ అలాగే అన్నాను
కరెంటాఫీసులో ముప్పై ఒక్కేళ్ళు.
ఫాల్గుణం వస్తే మా పని కొమ్మలు నరకడం,
గాలివానలు మొదలవకముందే
తీగలకు తగిలేవన్నీ.
ఉదయగిరి ఘాటీలో ఓ ఇప్పకొమ్మ నేనే దింపాను.
కింద పడ్డాక చూస్తే
దాన్ని పట్టుకుని ఇంకా వదలని వేళ్ళు,
కొసల్లో అగ్గిపుల్ల తలంత లేతపచ్చ.
నిచ్చెన పట్టుకున్న లఖియా సబర ఏమీ అనలేదు.
భుజం మీది తువ్వాలు వాగులో తడిపి
వేళ్ళకు చుట్టి నా చేతిలో పెట్టాడు.
ఆ తువ్వాలు నేను తిరిగివ్వలేదు.

నీళ్ళ సంగతి.
పర్లాకిమిడి కుళాయికి బ్లీచింగు వాసన,
రాత్రే బకెట్లో పట్టి ఉంచు.
చలికాలమంతా అరపస్తు పెట్టాను,
ఇప్పుడే లేస్తున్నాయి, ఒక్కసారిగా తాగించకు.
వేరును చూడు: వెండిరంగైతే దాహం,
తడిస్తే ఆకుపచ్చ.
ఆ రంగు మారడం చూస్తూనే నేను
రోజూ కాఫీ చల్లార్చుకుంటాను.
పొద్దున్నే పొయ్యి, బడికి వెళ్ళేముందు.
ఆకుల నడిమి దొన్నెలో నీళ్ళు నిలిస్తే కుళ్ళుతుంది,
ఊదెయ్, లేదా గుడ్డ కొసతో అద్దెయ్.
ఆదివారం ఒక్కరోజు బియ్యం కడుగు,
దానికి నాలుగంతల నీళ్ళు కలిపి.
మీ ఇంటి పఖాళ నీళ్ళు కాదు గుంటా,
అందులో ఉప్పుంటుంది.

మూడింటికి పడమటెండ లోపలికొస్తుంది.
మేకుకి మా ఆవిడ నూలుచీర ఉంటుంది, దించు.
చిరుగులు చూసి మీ ఆయి కుట్టబోతుంది, వద్దను.
ఆ చిల్లుల్లోంచి పడేంత ఎండ చాలు.

కిటికీ ఎడమ రెక్క మాత్రం ముట్టుకోకు.
నక్కతోక మొక్క వేరొకటి కుండ దాటొచ్చి
మాఘం చివర్లో చెక్కను పట్టుకుంది.
నేను చూసుకోలేదు, కన్ను ఇలాంటిది కదా.
చూసేసరికి మూడంగుళాలు.
లాగితే చెక్కపెచ్చు ఊడొస్తుంది గానీ వేరు రాదు.
రంపం అటక మీదే ఉంది. తియ్యలేదు.
ఈ ఏడు ఆ రెక్క మూయడం లేదు, అంతే.
గాలివానొస్తే రానీ, మంచం అవతలికి జరిపాను.
దొంగలంటావా,
మీటరుబోర్డు తప్ప ఏముంది ఎత్తుకుపోవడానికి.

ఇంకొకటి.
కింది నుంచి మూడో ఆకు సందున
గుండ్రటి మొన ఒకటి పొడుచుకొస్తోంది.
వేరో, పూలగెలో, నాకు ఆనడం లేదు.
నువ్వు చూసి చెప్పు.
కొస నున్నగా మెరిస్తే వేరు,
గరుకుగా, మడతలు మడతలుగా ఉంటే గెల.
ఈ పదకొండు రోజుల్లో విచ్చుకోదు, తెలుసు.
అయినా ఫొటో పంపకు, కంటికి కట్టుంటుంది.
ఫోన్ చేసి, మొక్క పక్కన నిలబడి,
మొగ్గలు తాకకుండా లెక్కపెట్టు,
ఏకొ, దుయి, తిని,
ఒడియాలోనే కానియ్.
ఇక్కడ మంచం మీద నేను తెలుగులో కలుపుకుంటాను.

తాళంచెవి పాలసంచిలో ఉంది.
మళ్ళీ చెప్తున్నా, మట్టి వెయ్యకు.