ఏడు దగ్గర

పది నేనంటాను. తొమ్మిది వాళ్ళంటారు.
ఎనిమిది కాస్త తడబడుతుంది.
ఏడు దగ్గర ఎవరూ ఉండరు.

ఇరవై రెండేళ్ళుగా ఇదే నా పని
తార్తూ ఆసుపత్రి మూడో అంతస్తులో.
మనుషుల్ని ఏడు దగ్గర దించేసి
కుట్లు పడ్డాక మళ్ళీ అక్కడికే వెళ్ళి తీసుకురావడం.
ఈలోపు ఎక్కడున్నారని ఎవర్నీ అడగలేదు.
అడిగినా, "ఇంకా మొదలెట్టలేదా డాక్టర్?" అంటారు.

నిన్న ఫెవ్రోనియా వచ్చింది.
పెయిప్సి సరస్సు ఒడ్డున ఉల్లిపాయల ఊరు,
తుంటి విరిగిన ఎనభై మూడేళ్ళ మనిషి.
రెండు వేళ్ళతో శిలువ గీసుకుంది.
మూడో వేలు కలపం అన్నందుకే
వాళ్ళ పెద్దలు దేశం వదిలొచ్చారట.
రష్యన్‌లో ఎనిమిది దాకా లెక్కపెట్టింది.

తెలివి వచ్చాక నీళ్ళడగలేదు.
కిటికీలోంచి కిందకి చూసి
"ఆ డబ్బా ఏమిటి?" అంది.

సైకిళ్ళ స్టాండు పక్కన మంచులో కూరుకుపోయి
ఇంటింటికీ సరుకులు మోసే మరబండి.
ఆరు చక్రాలు, నారింజ జెండా.
ముందుకో జానెడు, వెనక్కో జానెడు.
"దానికి చలెయ్యదా?"
"వెయ్యదు" అన్నాను.
నరం లేని నాలుక గదా, వెంటనే అనేసింది.

రాత్రంతా ఆ 'వెయ్యదు' పంటికింద రాయి.
నాకు పని నేర్పిన హెల్గీ తాగినప్పుడు మాత్రమే చెప్పేది:
ఆ రోజుల్లో పురిటిబిడ్డల్ని మత్తివ్వకుండా కోసేవారు,
కదలకుండా మాత్రం మందిచ్చేవారు.
నొప్పి తెలియదని పుస్తకాల్లో ఉంది.
ఏడుపు ఉత్త రిఫ్లెక్స్ అని కూడా ఉంది.
నోరులేనివాళ్ళ లోపలి సంగతి
మనకెప్పుడూ ఎంత బాగా తెలుసో!

అలాగని నేనేం వెర్రిదాన్ని కాను.
ఆ బండ్లకి దారి నేర్పేది మా తమ్ముడు రైవో.
"తెలివుంది గానీ దానికింకా తెలివి రాలేదక్కా" అంటాడు.
రోడ్డు దాటడం తెలుసట, దాటుతున్నానని తెలియదట.
ఎప్పుడు తెలుస్తుందంటే భుజాలెగరేస్తాడు.
ఇంకా పెద్దదైతేనా?
తనని తాను చూసుకునే కన్నొకటి పెడితేనా?
లేక ఒళ్ళు కావాలా,
ఆకలేసే ఒళ్ళు, పోతానేమోనని జంకే ఒళ్ళు?
ఒళ్ళు తెలియకుండా పడుకోవాలన్నా
ముందు ఒళ్ళంటూ తెలియాలి గదా.

ఈథర్ పట్టిస్తే అత్తిపత్తి ముడుచుకోవడం మానేస్తుంది.
ముట్టుకున్నా ఊరుకుంటుంది.
గాలి తగిలిన కాసేపటికి మళ్ళీ సిగ్గుపడుతుంది.
ఏం పోయింది దాన్నుంచి? తిరిగొచ్చిందేమిటి?
నా చేతిలో ఉన్నది తాళంచెవి కాదు,
చీకట్లో తడుముకుంటే దొరికిన గడియ.
తలుపు వెయ్యగలను, తియ్యగలను.
గది ఎవరు కట్టారో, దేంతో కట్టారో తెలియదు.

పొద్దున్న డ్యూటీ దిగేసరికి
అదో, దాని తోబుట్టువో, ఇంకా అక్కడే.
వంగి, ఉత్త చేతుల్తో తోశాను.
ధన్యవాదాలు, అంది
ఎవరో అమ్మాయి ఎప్పుడో చెప్పి ఉంచిన గొంతుతో.
"పర్లేదు" అన్నాను.
ఎవరితో?

రెండు గజాలు పోయి ఆగింది.
రోడ్డు ఖాళీ. దీపం పచ్చగానే ఉంది.
పది, అనుకున్నాను. తొమ్మిది.
ఎనిమిది దగ్గర అది కదిలి
మలుపు తిరిగింది.

కోటు జేబులో
ఫెవ్రోనియా మనవడిచ్చిన ఉల్లిపాయ.
చల్లగా ఉంది.
చల్లగా ఉందని నాకు తెలుస్తోంది.