ఏడో పేరు

ఆసుపత్రి రిజిస్టరు ప్రకారం
పాముకాటు మందు
వచ్చినవి పది సీసాలు, వాడినవి పది.
ఫ్రిజ్జులో ఎవరిదో పెరుగు గిన్నె.

గ్రామసభలో అడిగితే
"ఆయ్, పైకి రాశామండి" అన్నారు.
పై అంటే ఎక్కడ?
మండలం జిల్లాను చూపెడుతుంది
జిల్లా రాజధానిని చూపెడుతుంది
రాజధాని వేలు తిరిగొచ్చి మా లంక మీదే ఆగుతుంది:
"అధికారం మీ పంచాయతీకే ఇచ్చాం కదా!"
రేవు కింద సుడి కూడా
ఇంత పద్ధతిగా తిరగదు.

సువార్తమ్మ లేచింది.
కొబ్బరి పీచు ఇంకా కొంగుకి అంటుకునే ఉంది.
మొన్న వరదల్లో పంటు ఆగిన రాత్రి
తమ్ముణ్ణి నులకమంచంతో సహా నావలోకి ఎక్కించిన మనిషి.
ఆ సంగతి ఎత్తలేదు.
అందరం చూసిందే.

"వాడినవాళ్ల పేర్లు చదవండి."

సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు.
ఒకటి, రెండు... పొరుగూరివాళ్లు కాబోలనుకున్నాం.
ఏడు: నేలపూడి ఇమ్మానుయేలు.

ఫ్యాను చప్పుడు మాత్రం మిగిలింది.

"మా తమ్ముడండి" అంది.
"ఆ రాత్రి వాడు చూసింది
మీ తలుపు తాళం కప్ప."

"చర్చించి ఆమోదించడమైనది" అని
అలవాటుగా మొదలెట్టిన చెయ్యి ఆగింది.
"అది కొట్టెయ్యండి.
నేనడిగింది నేనడిగినట్టే రాయండి.
నెమ్మదిగా చెబుతాను."

పెన్ను రాయట్లేదన్నాడు.
జనంలోంచి మూడు పెన్నులొచ్చాయి,
ఒకటి బడిపిల్లది, ఆకుపచ్చ సిరా.

ఆఖరి పంటు కూత వేసింది.
అవతలి ఒడ్డువాళ్లు కూడా
లేవలేదు.