తలుపంత నేల

మళ్ళీ నా బొటనవేలే కరిచింది.
నాలుగో రోజు. అదే చేప, అదే వేలు.
జానెడైనా లేదు, బురదరంగు,
దూరదేశాల నుంచి కెమెరాలతో దిగేవాళ్ళు
దీన్ని దాటుకునే ఈదుతారు.

మరోవో మడుగులో, మా దిబ్బ అంచున,
విరిగిన కొమ్ముపగడాల మధ్య దానికో తోట ఉంది.
తలుపు ఊడదీసి పడుకోబెడితే ఎంతో, అంతే.
అందులో పాచి పెంచుతుంది.
పనికిరాని పాచిని నోటితో పీకి
గట్టు అవతల ఉమ్మేస్తుంది.
చేపకు కలుపుతీత ఎవరు నేర్పారో నన్నడగొద్దు,
నాది లెక్క రాసే ఉద్యోగం:
పది నిమిషాల్లో ఎవర్ని తరిమింది, ఎన్నిసార్లు, ఎంత దూరం.

పలక మీద పెన్సిలు గీతలు.
చిలుకచేపకు పదకొండు.
ముళ్ళబంతికి రెండు. రెండోసారి
ఒక్క ముల్లు పట్టుకుని ఈడ్చుకెళ్ళి పారేసింది,
తాగొచ్చిన చుట్టాన్ని గుమ్మం దించినట్టు.
పక్క తోట చేపకు మాత్రం ఒక్క గీతా లేదు.
అది గట్టు దాకా వస్తుంది, ఇదీ వస్తుంది,
ముక్కుకీ ముక్కుకీ బెత్తెడు దూరంలో ఆగి
పాత బాకీ గుర్తొచ్చినట్టు ఒక చూపు చూసుకుని
ఎవరి పాచిలోకి వాళ్ళు తిరిగిపోతాయి.
తెలిసిన పగకు ఖర్చు తక్కువ.

ఈ మాట చెబితే హెజ్రోన్ మామయ్య పెద్దగా నవ్వాడు.
నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆపేశాడు.

తెల్లబండ నుంచి పడవలు దూరే సందు దాకా
దిబ్బ తనదో, ఆవలి ఒడ్డు కెలేసిదో
ముప్ఫై ఏళ్ళుగా తేలలేదు.
శనివారం చర్చిలో ఒకే బల్ల మీద కూర్చుంటారు.
నీళ్ళ మీద దోనెలు ఎదురైతే తెడ్డు పైకెత్తుతారు.
పలకరింపో బెదిరింపో
వాళ్ళిద్దరికే తెలుసు.

బుధవారం నీలి కత్తితోకల గుంపు దిగింది.
రెండొందలుంటాయి.
నా చేప ఒకదాన్ని తరిమేలోగా
తక్కినవన్నీ వంగి మేస్తున్నాయి.
పలక మీద గీతలు గీయలేక చెయ్యి ఆగిపోయింది.
గుంపు లేచేసరికి తోట
గుండు కొట్టించిన తల.
అది మాత్రం నాలుగు మూలలూ తిరిగొచ్చి
మిగిలిన ఒక పోచ పక్కన కలుపు ఏరసాగింది.

చీకటి పడితే ఇక్కడ లెక్కలు మారతాయి.
పెద్దకళ్ళ ఎర్రచేపలు పగలంతా దాక్కున్న బొరియ వదిలి వేటకెళ్తాయి.
అదే బొరియలో చిలుకచేప దూరి
నోటి జిగురుతో దోమతెర అల్లుకుని పడుకుంటుంది.
ఒకటే గది, రెండు కాపురాలు,
ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

ఆ రాత్రే సందులో దీపాలు కనిపించాయి.
మోటారు పడవ. మా వైపుదీ కాదు, ఆవలి వైపుదీ కాదు.
సముద్ర దోసకాయల కోసం మునుగుతున్నారు.
మామయ్య చొక్కా లేకుండానే దోనె ఎక్కాడు,
నేను టార్చి పట్టుకున్నాను.
తెల్లబండ దగ్గరికి చేరేసరికి
కెలేసి అప్పటికే అక్కడ నిలబడి
మామయ్య గొంతు కూడా తానే అరుస్తున్నాడు.
రెండు దోనెలూ అంచులు ఒరుసుకున్నాయి.
ఎవరూ వెనక్కి తొయ్యలేదు.
మోటారు శబ్దం చాలాసేపటికి సన్నగిల్లింది.

తిరుగు దారిలో కెలేసి అన్నాడు:
"నీ దోనె నా నీళ్ళలో ఉంది."
మామయ్య తెడ్డు ఎత్తాడు.
టార్చి వెలుగులో ఈసారి నాకూ కాస్త అర్థమైనట్టే అనిపించింది.

పొద్దున్నే దిగాను.
వేలికి గుడ్డ చుట్టుకున్నాను, ఎందుకైనా మంచిదని.
బోడి తోటలోంచి చేప దూసుకొచ్చింది,
గట్టు దగ్గర, బెత్తెడు దూరంలో ఆగింది.
నా కళ్ళద్దంలోకి చూసింది.
వెనక్కి తిరిగింది.

పలక మీద నా పేరుకు వేరే గడి లేదు.
'కొత్తవాళ్ళు' కింద సున్నా రాశాను.
రాసి, తుడిచి,
నీళ్ళలో అలాగే ఉండిపోయాను కొంతసేపు.