పొగకు నారు

నైరోబీలో ఆ హోటల్ హాలు
పద్దెనిమిది డిగ్రీల దగ్గర వణుకుతోంది.
తలుపు పక్కన బల్ల, బల్ల మీద ల్యాప్‌టాప్,
దాని వెనక ఒమోండి అనే కుర్రాడు.
ఈ సాయంత్రానికి ఎంత పొగ అయిందో
లెక్క కట్టడం అతని ఉద్యోగం.

"ఎలా వచ్చారమ్మా?"
"బస్సులో."
"ఎన్ని కిలోమీటర్లు?"
ఆమె కాసేపు ఆలోచించింది.
"సముద్రం పాటు తీశాక బయల్దేరాను.
దారిలో ఒక పోటు పోయింది.
ఇంకోటి వస్తుండగా దిగాను."
ఆ జవాబుకి అతని దగ్గర గడి లేదు.

ఆమె పేరు మ్వానమ్వువా.
వాళ్ల భాషలో వానబిడ్డ అని.
మన చెవికి ఆ పేరులో వాన ముందే వినిపిస్తుంది,
వాళ్లకి చివర్న కురుస్తుంది.
ఎటైనా తడి తడే.

క్వాలే తీరాన, ఉప్పుటేటి మలుపులో
పదమూడేళ్లుగా మడ మొక్కలు నాటుతోంది.
కలిసి మొదలుపెట్టింది తొమ్మిదిమంది ఆడవాళ్లు.
బొగ్గుబట్టీల వాళ్లు రాత్రుళ్లు పడవల్లో దిగితే
పళ్లేలు మోగించి ఊరిని లేపిన వాళ్లు.
అందులో మెజుమా
ఎడమ చెయ్యి ఇప్పటికీ తిన్నగా చాపలేదు.
కేసు ఇప్పటికీ వాయిదాల్లోనే ఉంది.

వేదిక మీద నాలుగు నిమిషాల వీడియో వేశారు.
బురద మెరిసింది. బురద వాసన రాలేదు.
మెజుమా కనిపించలేదు,
కెమెరా వచ్చిన రోజు కోర్టుకెళ్లింది.

గాజు ఫలకం ఇచ్చారు, పసిబిడ్డంత బరువు.
అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.
తర్వాత ఒకాయన, టై సవరించుకుంటూ,
శుభవార్త అన్నాడు:
మనల్ని తెచ్చిన విమానాలూ, ఈ చల్లగాలీ, దీపాలూ,
పళ్లేల్లో మిగిలిన చేపముక్కలూ
అన్నీ కలిపి నూట నలభై నాలుగు టన్నులు.
అందుకు సరిపడా రెండువేల నాలుగువందల మొక్కలు
నాటిస్తున్నాం. ఎక్కడో తెలుసా?
మన మ్వానమ్వువా గారి తీరంలోనే!

మళ్లీ చప్పట్లు.

నారు పోసినవాడు నీరు పోయకపోతాడా అంటాం.
పొగ పోసినవాళ్లు మాత్రం
నారూ నీరూ ఆమెకే వదిలారు.

వెళ్తూ వెళ్తూ బల్ల దగ్గర ఆగింది.
"బాబూ, ఆ అంకె దిద్దుకో.
పది నాటితే నాలుగు బతుకుతాయి.
రెండు మేకలకి, ఒకటి పీతలకి,
మిగతా మూడూ ఎందుకు పోతాయో నాకూ తెలీదు.
ఆరువేలు రాయి."
రాశాడు.
"చెట్లవడానికి పదిహేనేళ్లు.
అప్పటిదాకా ఆ పొగని
ఎక్కడైనా కూర్చోమని చెప్పు."
నవ్వింది.
తను నవ్వాలో వద్దో అతనికి తెలియలేదు.

గాజు ఫలకం ఇప్పుడు నారుమడి దగ్గరుంది.
దక్షిణపు గాలి లేచినప్పుడు
నీడవల ఎగిరిపోకుండా ఒక మూల మీద,
అక్షరాలు బోర్లా.
పెట్టింది మెజుమా, కుడిచేత్తో.

మార్చిలో ఒమోండి ఫోన్ చేశాడు.
"ఎన్ని బతికాయో ఒక్క అంకె చెబితే
ఫైలు మూసేస్తాను."
"అంకెలు బురదలో ఉన్నాయి, వచ్చి తీసుకో.
బూట్లేసుకుని రాకు."

వచ్చాడు. బస్సులోనే.
పాటు వేళ, ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి
వరసల మధ్య వంగి, ఒక్కో మొక్కనీ వేలితో తాకుతూ
బిగ్గరగా లెక్కపెడుతున్నాడు.
చీలమండ దాటి, పిక్క దాటి
దిగిపోతున్నాడు.
గట్టు మీద ఆడవాళ్లు అల్లం టీ తాగుతూ
చూస్తున్నారు.

మూడువందల పదిహేడు దగ్గర
కాలు కూరుకుపోయి లెక్క తప్పింది.
వెనక్కి తిరిగాడు.
"పోటు వచ్చేలోపు కానివ్వు," అంది మెజుమా.

మళ్లీ ఒకటి నుంచి.