ఎర్ర సున్న

జహరాలో అది ఎన్నికల నెల.
దివానియాలో నేను టీ పోసేవాణ్ణి.
నా పేరు ఓబులేసు. ఇక్కడ రఫీక్.
ఈ వీధిలో ఇంకో ముప్పై మందికీ అదే పేరు,
పిలిస్తే దగ్గరున్నోడు పలుకుతాడు.

ఆ రాత్రి అబూ ఫలాహ్ మాట్లాడినాడు
నలభై నిమిషాలు.
నాకొచ్చిన అరబ్బీ అంతా గిన్నెలు కడుగుతా చెవిన పడిందే,
అందుకే డబ్బు మాటలు, నీళ్ళ మాటలు, తిట్లు బాగా తెలుస్తాయి.
రోడ్డు మీది కంకర లేచి కారద్దాలు పగులుతున్నాయన్నాడు.
ఇంటి లోను కోసం కాచుకొని కాచుకొని
కొడుక్కి గడ్డం నెరిసిందన్నాడు. అందరూ నవ్వినారు.
నడుమ నడుమ దేవుడి పేరెత్తినాడు,
మా సర్పంచి టెంకాయ కొట్టి మొదలుపెట్టినట్టు.
పాటకచేరీలు ఆపించాలన్నాడు.
ఆస్పత్రిలో పొద్దునపూట
బయటిదేశమోళ్ళు కనపడకూడదన్నాడు.
ఆ మాటకు నా చేతిలో కెటిల్ ఆగింది.
ఎవరూ చూడలేదు.
మళ్ళీ నేనే పోసినాను.

వెనక గోడకానుకొని ఎవరో విదేశీ పిల్లోడు, కెమెరాతో.
చెమట తుడుచుకుంటా రెండు ఇస్తికానాలు తాగి
చక్కెర ఎక్కువైందని నవ్వినాడు. మంచోడే.

వారం దాటినాక, రూములో, ఎనిమిది మంచాల మధ్య,
హుసేన్ పీరా ఫోన్లో మన తెలుగు చానల్.
పీరాది రాయచోటి. నీళ్ళ ట్యాంకరు తోలుతాడు.
డమడమ డప్పులు, మంటలంటుకున్న అక్షరాలు:
ఎడారిలో రగులుతున్న మతరాజ్యం?
ప్రశ్నగుర్తు మాత్రం చీమ తలకాయంత.
అబూ ఫలాహ్ వేలు పైకి లేచింది.
అక్కడ ఆపినారు.
వేలి చుట్టూ ఎర్ర సున్న చుట్టినారు.
మళ్ళీ లేపినారు. మళ్ళీ.

ఆ వేలు నాకు తెలుసు.
అది ఏసీ వైపు పోతోంది.
"రఫీక్, చలేస్తోంది, తగ్గించు" అంటున్నాడాయన.
కెటిల్ కింద పెట్టి నేనే పోయి తగ్గించినాను.

నాకు నవ్వాగలేదు. పీరా నవ్వలేదు.
"సెలవుకి పోతే రాయచోటి బస్సులో
ఆ వేలు నా చేతికే ఉంటాది" అన్నాడు.
ఫోను బోర్లా పెట్టి
గోడ పక్కకు తిరిగి పండుకున్నాడు.

తెల్లారి నరసమ్మ ఫోను.
"టీవీలో నీ చెయ్యి చూసినా.
కాలిన మచ్చ ఉంది, నీదే.
ఆ మనిషి పక్కన నీకేం పని?"
టీ, అన్నాను.
"భయం లేదా?"

ఉంది. కాలు వాచి రెండు నెలలు.
ఆస్పత్రి గేటు దగ్గర పొద్దున నిలబడనిస్తారో లేదో.
ఆ ముక్క ఏ చానల్లోనూ రాలేదు,
నేనూ చెప్పలేదు.
ఎండలెట్లున్నాయి, అని అడిగినాను.

అబూ ఫలాహ్ ఓడిపోయినాడు, మూడొందల చిల్లర ఓట్లకి.
అదీ ఎవరూ చెప్పలేదు.
కంకర ఇప్పటికీ లేస్తానే ఉంది.

ఆ మూడు సెకన్లకు మాత్రం చావు లేదు.
యాడో, పేరు కూడా పలకరాని ఊర్లో బాంబు పేలితే
తెర మీదకొస్తాయి.
డప్పులు మోగుతాయి, వేలు లేస్తుంది.
దాని కింద, ఎడమ మూలన, సున్నకు అవతల,
నా చెయ్యి వంగి టీ పోస్తానే ఉంటుంది.
గ్లాసు నిండేలోపే
మళ్ళీ మొదటికొస్తుంది.